షుగరు బిళ్ళపై మోపిన అపనింద

మధుమేహమునకు వాడు మందులు పురుషుని సంసారసామర్థ్యమును హరించునన్న నమ్మకము మన సమాజమున ఎంత లోతుగా వేరు పాతుకొన్నదనగా, దానినెవరును వాదముగా చెప్పరు. అందరెరిగిన రహస్యముగా, గొంతు తగ్గించి, ఎదుటివాని మేలు కోరియే చెప్పుదురు. మంగలిషాపులో వంతుకై కూర్చున్నప్పుడు గాని, పెండ్లివిందులో మిఠాయి వద్దన్నవానిని ప్రక్కవాడు ఆరా తీసినప్పుడు గాని, "బిళ్ళలు మొదలుపెట్టావా? ఇంక సంసారం అయిపోయినట్టే" అను మాట వినబడక మానదు. చదువుకొన్నవారు ఇదే మాటకు సైడ్ ఎఫెక్టు అను పేరు తగిలించి చెప్పుదురు గనుక, వారి నోట దానికి మరింత గౌరవము కలిగినది. ఈ నమ్మకము తప్పు. తప్పగుటయే గాదు, ఏ కీడునకు వెరచి మనుష్యుడు బిళ్ళను విడిచిపెట్టుచున్నాడో ఆ కీడునే అతని యింటికి పిలిచి తెచ్చుచున్నది. కనుకనే దీనిని మర్యాదకై ఉపేక్షించి ఊరకుండుట నాకు సమ్మతము కాదు.

ముందుగా ప్రతిపక్షమును దాని పూర్తి బలముతో చెప్పుట న్యాయము. ఆ పక్షమువారు చెప్పునది కట్టుకథ కాదు, స్వానుభవము. "నిరుడు సంక్రాంతికి నాకు ఏ లోపమూ లేదు, ఉగాదికి రక్తపరీక్ష చేయిస్తే షుగరన్నారు, బిళ్ళలు మొదలుపెట్టాను, దసరా నాటికి ఇలా అయ్యాను" అని ఒక మనిషి తన జీవితమునే సాక్ష్యముగా చూపునప్పుడు అతనిని అబద్ధీకుడనుటకు మనకు హక్కు లేదు. అతడు చెప్పిన సంగతులన్నియు నిజమే కావచ్చును. వాని వరుసయు నిజమే కావచ్చును. నిజము కానిది ఆ వరుసనుండి అతడు లాగిన కారణ మొక్కటే. ఒకదాని వెంట మరియొకటి జరిగినంతమాత్రమున మొదటిది కారణము, రెండవది కార్యము కాజాలదని మన తార్కికులు కాకతాళీయన్యాయమున ఏనాడో చెప్పియున్నారు. ఇచ్చట ఆ వరుసయైనను పైకి కనబడినంత సరియైనది కాదు. ఏలయన, వ్యాధి ఉగాదినాడు పుట్టలేదు.

నడివయస్సున వచ్చు సామాన్యమైన షుగరువ్యాధి, వైద్యులు రెండవ రకమని పిలుచునది, రక్తపరీక్ష కాగితము చేతికి వచ్చిన దినమున ఆరంభమగునది కాదు. అది నొప్పి లేక, జ్వరము లేక, కొన్ని యేండ్లు దేహమున గుట్టుగా కాపురముండి, పిమ్మట ఏ మానని పుండువలననో, ఏ కండ్లజోడు మార్పించుకొనబోయినప్పుడో, ఏ బీమా పాలసీకై చేయించుకొన్న పరీక్షలోనో బయటపడును. అందువలననే వ్యాధినిర్ణయమైన నాటికే కొందరి కంటిపొరలోను, మూత్రపిండములలోను, పాదముల నరములలోను దాని గుర్తులు కానవచ్చుచున్నవి. కంటిని, మూత్రపిండమును, పాదమును ముట్టిన వ్యాధి, అట్టి సన్నని రక్తనాళములే, అట్టి సన్నని నరములే గల జననేంద్రియమును మాత్రము కరుణించి విడిచిపెట్టునని అనుకొనుటకు ఆధారమేమున్నది? బిళ్ళ మొదలగుటయు బలహీనత బయటపడుటయు దగ్గరదగ్గరగా సంభవించుచున్నవన్నచో, ఆ రెండును ఒకే వ్యాధి ముదిరిన దశయందు సంభవించుచుండుటయే అందులకు హేతువు.

ఇది ఊహ యనువారికి చరిత్ర సమాధానము చెప్పగలదు. మధుమేహమున కిప్పుడు వాడుచున్న మందులన్నియు నిన్నమొన్నటివి. ఇన్సులిన్ సూదిమందును మనుష్యునకు తొలుత ఇచ్చినది 1922 జనవరిలో, టొరంటో నగరమున. నోట మ్రింగు బిళ్ళలు 1950 దాటిన పిమ్మటగాని ప్రచారమునకు రాలేదు. నేడు మన యూళ్ళలో కొత్త రోగికి మొట్టమొదట వ్రాసియిచ్చు మెట్‌ఫార్మిన్‌ను 1922లోనే డబ్లిన్ రసాయనశాస్త్రజ్ఞులు తయారుచేసియున్నను, దానిని మధుమేహరోగులకిచ్చి చూచి 1957లో ఫలితములను ప్రకటించినవాడు జా స్టెర్న్ అను ఫ్రెంచి వైద్యుడు. మరి, పదునొకండవ శతాబ్దపు పారసీక వైద్యాచార్యుడు ఇబ్న్ సీనా ఈ వ్యాధి లక్షణములను వర్ణించుచు లైంగికశక్తి కూలిపోవుటను వానిలో చేర్చియున్నాడు. బ్రిటిష్ సైన్యమున వైద్యుడుగా నుండిన జాన్ రోలో 1798 నాటి తన రచనలో ఆ లక్షణమునే మరల పేర్కొన్నాడు. ఇబ్న్ సీనా చూచిన రోగి ఏ బిళ్ళ మ్రింగెను? రోలో చూచిన రోగికి మెట్‌ఫార్మిన్ ఎవరిచ్చిరి? మందు పుట్టుటకు తొమ్మిదివందల యేండ్లకు ముందే వైద్యులు గుర్తించిన లక్షణమును మందే తెచ్చిపెట్టినదనుట కాలక్రమమును తలక్రిందులు చేయుట కాదా?

ఇక దేహములోపల జరుగుచున్నదేమో కొంచెము దగ్గరనుండి చూడవలెను. అంగస్తంభనము పౌరుషమునకు కొలబద్ద యని మనవారు తలచుదురు; అది ప్రధానముగా రక్తప్రసరణకు సంబంధించిన వ్యాపారము. కోరిక పుట్టినంతనే నరముల కొనలనుండియు, రక్తనాళముల లోపలి పొరనుండియు నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు అత్యల్పముగా వెలువడును. దాని ప్రేరణచే అచ్చటి కండరము సడలి, నాళములు విప్పారి, రక్తము వచ్చి నిండును. నిండిన రక్తము వెనుకకు మరలకుండ సిరలు అదిమిపట్టబడును. ఈ వాయువు రక్తనాళములయందు సంకేతముగా పనిచేయుటను కనుగొన్నందులకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానము లభించినది. చక్కెర హెచ్చిన రక్తము ఏండ్లతరబడి ప్రవహించినచో నాళముల లోపలి పొర చెడును. నైట్రిక్ ఆక్సైడ్ పుట్టుట తగ్గును. పుట్టినదియు నిలువక నశించును. నరముల కొనలు మొద్దుబారును. దీనికి తోడు, స్థూలకాయమువలనను, ఇన్సులిన్ సరిగా పనిచేయకుండుటవలనను, మెదడునందలి పిట్యూటరీ గ్రంథి వృషణములకు పంపు ప్రేరణ సన్నగిల్లి టెస్టోస్టిరాన్ తగ్గును. అమెరికాలోని బఫెలో నగరమున పరేశ్ దండోనా బృందమువారు 2004లో ప్రకటించిన పరిశీలనయందు రెండవ రకపు మధుమేహము గల పురుషులలో మూడవ వంతుమందికి ఈ లోటు కనబడినది. స్కలనసమయమున వీర్యము వెలికి రాక మూత్రాశయములోనికి మరలిపోవుటయు నరముల చెరుపువలన కలుగునదే. దానిని చూచి "ధాతువు ఎండిపోయింది" అని బెంబేలుపడి పసరుమందులకు పరుగెత్తువారు కలరు.

ఇన్ని చెరుపులలో మెట్‌ఫార్మిన్ చేయునదేది? అది ముఖ్యముగా కాలేయము అవసరమునకు మించి చక్కెరను రక్తములోనికి వదలుటను తగ్గించును. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ అనునవి క్లోమగ్రంథిచే మరికొంత ఇన్సులిన్‌ను విడుదల చేయించును. ఇన్సులిన్ సూది దేహమున తక్కువపడినదానిని బయటనుండి చేర్చును. వీనిలో ఏదియు స్తంభనమునకు కావలసిన నరమును మొద్దుబార్చునది కాదు, నాళమును మూయునది కాదు. మెట్‌ఫార్మిన్ టెస్టోస్టిరాన్‌ను తగ్గించునని చెప్పు చిన్న పరిశీలనలు లేకపోలేదు. కాని వానికి ఎదురు చెప్పునవియు కలవు, ఇన్సులిన్ పనిచేయని పురుషులకు మెట్‌ఫార్మిన్ ఇచ్చినప్పుడు స్తంభనము మెరుగైనదని తేల్చిన చిన్న పరిశీలనయు కలదు. ఇట్టి సందిగ్ధమైన ముక్కను పట్టుకొని, నిస్సందేహముగా చెరుపు చేయు చక్కెరను అదుపు తప్పనిచ్చుట వివేకవంతుడు చేయు బేరము కాదు.

సంఖ్యలను ముందుంచి మాటలాడు ప్రతివాది యొకడు కలడు. అతడు తక్కినవారికంటె బలవంతుడు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 40 మొదలు 70 ఏండ్లవరకు వయస్సు గల పురుషులను పరిశీలించి 1994లో ప్రకటించిన ప్రసిద్ధమైన అధ్యయనమున, పూర్తి నపుంసకత్వము మొత్తముమీద సుమారు 10 శాతము మందిలో నుండగా, మధుమేహమునకు చికిత్స పొందుచున్నవారిలో 28 శాతము మందిలో నున్నట్లు తేలినది. "చికిత్స పొందుచున్నవారు అని వారే వ్రాసిరి గదా, ఇంకను సాక్ష్యమేల?" అని అతడు ప్రశ్నించును. ఆ మాటను అతడు చదివిన తీరే తప్పు. చికిత్స పొందుచున్నవారెవరు? వ్యాధి ముదిరి, బయటపడి, వైద్యునివద్దకు చేరినవారు. కండ్లజోడు పెట్టుకొన్నవారిలో చూపు మందగించినవారు హెచ్చుగా నుందురు. అంతమాత్రమున జోడు చూపును చెరచెనని ఎవరైన అందురా? ఆ తరువాత, వివిధ దేశములలో జరిగిన 145 అధ్యయనములను, 88,577 మంది పురుషులకు సంబంధించినవానిని, కలిపి లెక్కించి 2017లో ప్రకటించినప్పుడు మధుమేహము గలవారిలో సగముకంటె కొంచెము హెచ్చుమందికి ఏదో యొక స్థాయిలో స్తంభనలోపము కలదనియు, అది కలుగు అవకాశము మధుమేహము లేనివారితో పోల్చినచో సుమారు మూడున్నర రెట్లనియు తేలినది. మన దేశమున మధుమేహరోగులు పదికోట్లకు పైబడినారని భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము 2023లో ప్రకటించియున్నది. ఈ రెండు సంగతులను చేర్చి చూచినచో, ఎన్ని లక్షల ఇండ్లలో ఈ బాధ నోరు విప్పక దాగియున్నదో ఊహింపవచ్చును.

భయము తాను సొంతముగా చేయు పని యొకటి కలదు. దానిని తక్కువగా ఎంచరాదు. ఇటలీలో వైద్యులు 96 మంది హృద్రోగులకు రక్తపు పోటును తగ్గించు అటినలాల్ అను బిళ్ళనిచ్చి, వారిని మూడు భాగములుగా విభజించిరి. మొదటి భాగమువారికి తాము మ్రింగుచున్నదేమో తెలియదు. రెండవవారికి మందు పేరు మాత్రము తెలుసు. మూడవవారికి మందు పేరుతోపాటు అది స్తంభనమును చెరుపవచ్చునన్న సంగతియు చెప్పబడినది. ఫలితము 2003లో ప్రకటితమైనది. మొదటివారిలో 3 శాతము, రెండవవారిలో 16 శాతము, మూడవవారిలో 31 శాతము మంది తమకు లోపము కలిగినదని చెప్పిరి. బిళ్ళ ఒక్కటే, మోతాదు ఒక్కటే. వేరుపడినది చెవిలో వేసిన మాట. అట్లు లోపము కలిగినవారికి సిల్డెనాఫిల్ ఇచ్చినను, మందు లేని ఉత్తి బిళ్ళ ఇచ్చినను ఒకే విధముగా నయమైనది, ఒక్కరికి తప్ప. మంగలిషాపులో, మేలుకోరి, గొంతు తగ్గించి చెప్పిన ఆ ఒక్క వాక్యము మందుల షాపులోని ఏ బిళ్ళకంటెను తీవ్రముగా పనిచేయగలదని దీనివలన తెలియుచున్నది. "నేను బిళ్ళ మానిన వారమునకే కుదుటపడినాను" అనువానికిని ఇదే సమాధానము. వారము దినములలో తొలగినది అతని భయము. ఆ వారముననే మరల పెరుగ నారంభించిన చక్కెర తన పని చేయుటకు తొందరపడదు.

తెనాలి ప్రాంతపు రైతునొకనిని నేనెరుగుదును. అతనికి షుగరున్నదని తెలిసిన ఏడాదిలో బలహీనత కనబడినది. వరుసకు బావమరిది అయినవాడు బిళ్ళయే కారణమని చెప్పినాడు. ఇంట గొడవ వద్దని అతడు మానినట్లు చెప్పలేదు. ప్రతి ఉదయము భార్య ఇడ్లీ పళ్ళెముతోపాటు తెచ్చియిచ్చిన బిళ్ళను చిగురునకును బుగ్గకును నడుమ అదిమిపెట్టి, నీళ్ళు త్రాగి, పెరటిలో చేతులు కడుగుకొను చోట ఉమివేసెడివాడు. బిళ్ళలు నెలనెల అయిపోవుచునేయుండెను గనుక ఆమెకు అనుమానము రాలేదు. రెండేండ్లలో అతని సామర్థ్యము తిరిగి వచ్చినదా? అంతకుముందు అప్పుడప్పుడు కలుగుచుండిన లోపము పూర్తిగా స్థిరపడినది. పిదప పొలమున కుడికాలి బొటనవ్రేలి క్రింద దిగిన తుమ్మముల్లు అతనికి తెలియనే లేదు. చెప్పులోని తడి చూచి భార్య కనిపెట్టినది. వ్రేలు తీసివేసిన పిమ్మట, బిళ్ళ మాని రెండేండ్లయినను బలహీనత ఏల పోలేదని నేనడిగితిని. "ముందు ఆరు నెలలు మింగాను కదండీ, ఆ విషం ఇంకా ఒంట్లోనే ఉంది" అని అతడు చెప్పెను. బిళ్ళ వాడినను బిళ్ళదే తప్పు, మానినను బిళ్ళదే తప్పు! ఎట్టి సాక్ష్యమునకును లొంగకుండ తన్ను తాను కాపాడుకొనగల ఈ నమ్మకమును అనుభవజ్ఞానమని గౌరవించుట నాకు సాధ్యము కాదు.

మందులన్నియు నిర్దోషములని నేను చెప్పబూనలేదు. అట్లు చెప్పినచో నేనును ఒక అసత్యమునే చెప్పినవాడనగుదును. షుగరు గలవారిలో చాలమందికి రక్తపు పోటును ఉండును. వారి మందుల డబ్బాలో షుగరు బిళ్ళ ప్రక్కనే పోటు బిళ్ళయు నుండును. అటినలాల్ వంటి పాత మందులును, మూత్రమును హెచ్చించి పోటును తగ్గించు కొన్ని బిళ్ళలును కొందరిలో స్తంభనమునకు నిజముగనే అడ్డు రాగలవు. అట్టిచో వైద్యుడు వానికి బదులు వేరొకటి వ్రాయగలడు, వ్రాయవలెను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను కొత్త తరగతి మందులు చక్కెరను మూత్రముతో వెలికి పంపును గనుక శిశ్నాగ్రమున బూజు వంటి ఫంగస్ పట్టి, దురద, పుండ్లు, మంట కలిగించి దాంపత్యమును కష్టపెట్టుట కద్దు. అరుదుగా అచ్చటి కణజాలము కుళ్ళు భయంకరమైన వ్యాధి కలుగుటను గూర్చి అమెరికా ఔషధనియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించినది. మెట్‌ఫార్మిన్ ఏండ్లతరబడి వాడినచో బి12 విటమిన్ తగ్గి, అది నరములకు హాని చేయవచ్చును; పరీక్ష చేయించి ఆ లోటును తీర్చుకొనుట సులభము. చిరకాలము హెచ్చుగా నున్న చక్కెరను కొద్ది మాసములలో అతివేగముగా దింపినప్పుడు కొందరికి నరములు తాత్కాలికముగా తిరుగబడి నొప్పులును, స్తంభనలోపమును కలుగుటను కూడ వైద్యులు గుర్తించియున్నారు. ఇవన్నియు నిజములు. అయితే వీనిలో ఏ ఒక్కదానికైనను రోగి తనంత తానుగా సర్వమును మానివేయుట చికిత్స కాదు. పోటు బిళ్ళ చేసినదానికి షుగరు బిళ్ళను శిక్షించుట న్యాయమును కాదు.

మరి చికిత్స ఈ విషయమున మేలు చేయునా? చేయునని నమ్ముటకు ఆధారము కలదు. దానిని ఉన్నంతవరకే చెప్పుదును. అమెరికా, కెనడా దేశములలో 1983 మొదలు 1993 వరకు మొదటి రకపు మధుమేహము గల 1,441 మందిలో కొందరికి చక్కెరను గట్టిగా అదుపు చేయు చికిత్సయు, కొందరికి అప్పటి వాడుక చికిత్సయు ఇచ్చిరి. అది ముగిసిన పదేండ్లకు వారిలోని పురుషులను విచారించినప్పుడు, చికిత్స ఆరంభమునాటికే వ్యాధి కంటిని కొద్దిగా ముట్టియుండినవారిలో, గట్టి చికిత్స పొందినవారికి స్తంభనలోపము సుమారు 13 శాతము, వాడుక చికిత్స పొందినవారికి 31 శాతము. ఆరంభమున ఏ ఉపద్రవమును లేనివారి రెండు వర్గముల నడుమ చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కనుక అదుపు సర్వరోగనివారిణి కాదు. కాని షుగరు మందే నపుంసకత్వమునకు కారణమైనచో, దానిని హెచ్చుగా వాడినవారు హెచ్చుగా చెడియుండవలెను గదా? వారు చెడలేదు, ఒక వర్గమున సగముకంటె తక్కువగా చెడినారు. ప్రతిపక్షము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది.

ఈ లోపమును సిగ్గుపడవలసిన గుట్టుగా భావించి దాచుటవలన కలుగు నష్టము శయ్యాగృహమునకే పరిమితము కాదు. జననేంద్రియమునకు రక్తము తెచ్చు ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు గలవి; గుండెకు రక్తము తెచ్చునవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. కృష్ణా డెల్టాలో నీటియెద్దడి వచ్చిన యేడు ప్రధానకాలువ ఇంకను పారుచుండగనే శివారు భూముల పంటబోదె ఎండినట్లు, నాళములు పూడుటకు ఆరంభించినప్పుడు ముందుగా అవస్థపడునది సన్నని ధమనియే. అందువలన స్తంభనలోపము గుండెజబ్బు లక్షణములకు రెండు మూడేండ్లు ముందుగనే కానవచ్చుట తరచు జరుగుచున్నదని వైద్యులు గమనించియున్నారు. శివారు రైతు నీళ్ళు రాలేదని మొరపెట్టినప్పుడు కాలువ పొడవునను వెదకవలెను గాని అతని నోరు మూయరాదు. నలువదియైదేండ్లవానికి ఈ లోపము కలిగినదన్నచో అతని గుండెను, పోటును, కొవ్వును, సిగరెట్టును విచారించుటకు దేహమిచ్చిన గడువు అది. ఆ గడువును మనవారు బిళ్ళను తిట్టుటలో వెచ్చించుచున్నారు. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చుచు, రాత్రికి బ్రాందీ పుచ్చుకొనుచు, ఈ రెండింటిని ఒక్కనాడును అనుమానింపక, రెండు రూపాయల బిళ్ళను అనుమానించువారిని చూచినప్పుడు నాకు కోపముకంటె దుఃఖమే హెచ్చుగా కలుగును.

ఈ అపనమ్మకమువలన లాభపడువారు కలరు; వారిని విడిచి ఈ చర్చ పూర్తి కాదు. రైల్వేగోడలమీద, బస్టాండు మరుగుదొడ్ల తలుపులమీద "నరాల బలహీనతా? మగతనం లోపమా? షుగరు ఉన్నా సరే!" అని వ్రాసి ఫోను నంబరు వేయువారు, "ఇంగ్లీషు మందులు మానితేనే మా మందు పట్టుతుంది" అను షరతును మొట్టమొదట పెట్టుదురు. లైంగికసామర్థ్యమును పెంచెదమని గాని, మధుమేహమును నయము చేసెదమని గాని ప్రకటించుట 1954 నాటి ఔషధముల, మాయామంత్రచికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టముచే నిషిద్ధము. ఆ చట్టమున పేర్కొన్న వ్యాధుల పట్టికలో మధుమేహమును కలదు, నపుంసకత్వమును కలదు. ఒక యునానీ మందుల సంస్థ దానిని సుప్రీంకోర్టున సవాలు చేయగా, 1959లో న్యాయస్థానము కొన్ని మాటలను కొట్టివేసి, చట్టపు ముఖ్యోద్దేశమును నిలబెట్టినది. చట్టము పుట్టి డెబ్బదియేండ్లు దాటినను ఆ గోడవ్రాతలు చెరుగలేదు.

ఆ పొట్లములలో నుండునదేమో ఎవరెరుగుదురు? 2008లో సింగపూరులో కొద్ది నెలల వ్యవధిలో, మధుమేహము లేని 150 మంది రక్తమున చక్కెర ఒక్కసారిగా పడిపోయి ఆసుపత్రులపాలైరి. ఏడుగురు స్పృహ లేకుండ పడియుండిరి, వారిలో నలుగురు మరణించిరి. విచారింపగా, వారిలో పలువురు మ్రింగినది మగతనమును పెంచునని దొంగచాటుగా అమ్మిన మందులు. వానిలో గ్లిబెన్‌క్లమైడ్ అను షుగరు మందు అపాయకరమైన మోతాదులో కలిసియుండెను. వైద్యుడు కొలిచి, పరీక్షించి వ్రాసియిచ్చిన షుగరు మందునకు భయపడువాడు, ఎవడో కొలవక కలిపిన షుగరు మందునే పౌరుషము పేర, వేలరూపాయలిచ్చి కొనితెచ్చుకొను స్థితి ఇచ్చటను రాగూడదని నిబ్బరముగా చెప్పగలవారెవరు?

వైద్యుల దోషమును నేను దాచను. మధుమేహరోగి వచ్చినప్పుడు వారు పాదములు చూతురు, కండ్ల పరీక్షకు పంపుదురు, మూత్రమున ప్రోటీనును వెదకుదురు. సంసారము ఎట్లున్నదని మాత్రము అడుగరు. రోగి ధైర్యము చేసి చెప్పబోయినచో, "ఈ వయసులో ఇంకా ఎందుకండీ" అని నవ్వివేయువారిని నేనెరుగుదును. ఏబదియేండ్ల మనిషికి దాంపత్యసుఖముతో పనిలేదని నిర్ణయించుటకు వారికెవరిచ్చిరి అధికారము? ఆ నవ్వుతో రోగి నోరు మూతపడును. మంగలిషాపులోని మాటకే విలువ పెరుగును. ఇంటిలో భార్య, భర్త తననుండి ముఖము చాటువేయుటకు మరియొక స్త్రీ కారణమేమోనని కుమిలిపోవును. రోగి చెప్పువరకు ఆగక వైద్యుడే ముందుగా అడిగి, "ఇది వ్యాధివలన కలుగునది, మీ బిళ్ళవలన కాదు, దీనికి వేరుగా చికిత్స కలదు" అని బిళ్ళ వ్రాసిన దినముననే చెప్పినచో, ఆ రైతు బుగ్గలో బిళ్ళ దాచవలసిన గతి పట్టియుండునా?

వేరుగా చికిత్స కలదనుట ఊరడింపు మాట కాదు. నడక, బరువు తగ్గుట, పొగ మానుట, తక్కువైన టెస్టోస్టిరాన్‌ను పరీక్షించి సరిచేయుట, మనస్సులోని దిగులును పోగొట్టుట, ఇవి ఒక ప్రక్క. 1998లో అమెరికాలో అనుమతి పొంది నేడు మన షాపులలో చౌకగా దొరకు సిల్డెనాఫిల్, ఆ తరగతికి చెందిన తడలాఫిల్ మరియొక ప్రక్క. నైట్రిక్ ఆక్సైడ్ రేపిన ప్రేరణ త్వరగా చల్లారిపోకుండ నిలుపుటయే వాని పని. మధుమేహరోగులలో అవి తక్కినవారిలోవలె అందరికిని పనిచేయవు గాని, చాలమందికి పనిచేయును. పనిచేయనివారికి సూదిమందులు, పరికరములు మొదలైన వేరు మార్గములు కలవు. అయితే సిగ్గువలన వైద్యునికి చెప్పక, చీకటిపడిన పిదప తన వీథిలో గాక పై వీథిలోని షాపునకు పోయి, పేరు చెప్పకుండ వేలు చూపి ఈ బిళ్ళను కొనువాడు ఒక గొప్ప ప్రమాదమునకు లోనగుచున్నాడు. ఛాతీనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను సార్బిట్రేట్ గాని, నైట్రేటు జాతికి చెందిన మరి యే మందు గాని వాడువారు సిల్డెనాఫిల్‌నైనను తడలాఫిల్‌నైనను తాకరాదు. రెండును కలిసినచో రక్తపు పోటు ఒక్కుమ్మడిగా పడిపోయి ప్రాణమే పోవచ్చును. మధుమేహరోగులలో గుండెజబ్బు గలవారు, నైట్రేటులు వాడువారు తక్కువమంది కారు. అతడు సార్బిట్రేట్ వాడుచున్నాడో లేడో ఆ షాపువానికి తెలియదు. ప్రతినెల అతని మందుల చీటీ వ్రాయు వైద్యునికి తెలియును.